జామీగ్రంథమునందలి కర్మాగారఘట్టము

అమెరికాదేశపు నల్లజాతి కవయిత్రి యగు ఆడ్రీ లార్డు 1982వ సంవత్సరమునఁ బ్రకటించిన "జామీ" యను వచనగ్రంథమును గూర్చి రెండు తెఱఁగుల విమర్శము వినఁబడుచున్నది. ఒక తెగవారు దీనిని స్త్రీకి స్త్రీయందుఁ గలిగిన ప్రణయమును నిస్సంకోచముగాఁ జెప్పిన గ్రంథముగా గ్రహించి, యా నిమిత్తముననే మెచ్చుకొనుటయో యేవగించుకొనుటయో చేయుదురు. మఱియొక తెగవారు దీనిని నల్లవారికిఁ దెల్లవారు చేసిన యన్యాయములకు సాక్ష్యముగాఁ జదివి, ప్రణయఘట్టములను జూచియుఁ జూడనట్లు దాఁటిపోవుదురు. ఈ యుభయులును గ్రంథమును సగము చదివినవారే యని నా యభిప్రాయము. గ్రంథమధ్యమున, కనెక్టికటు రాష్ట్రమునందలి స్టాంఫర్డు అను పట్టణమున, ఒక కర్మాగారమునందు జరిగిన కథ యొకటి కలదు. పుటలసంఖ్యనుబట్టి చూచిన నది స్వల్పము. కాని యా యుభయులు వేఱువేఱుగాఁ బట్టుకొన్న దారములు రెండును అచ్చటనే ముడివడినవి. ఆ ముడిని బరీక్షించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

గ్రంథకర్త్రి 1934వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీని న్యూయార్కునగరమున జన్మించినది. తల్లిదండ్రు లిరువురును వెస్టిండీసు ద్వీపములనుండి వలసవచ్చినవారు. తల్లివంశము గ్రెనడాకుఁ జేరిన కారియకూ అను చిన్నద్వీపమునకు సంబంధించినది, తండ్రి బార్బడోసువాఁడు. ముగ్గు రాఁడుబిడ్డలలో నీమె కడపటిది. చూపు మిక్కిలి మందము. మాటయు నాలస్యముగా వచ్చినది. నాలుగైదేండ్లు వచ్చువఱకు నోరు మెదపని యీ పిల్ల, హార్లెమునందలి గ్రంథాలయములో ఆగస్టా బేకరు అను గ్రంథాలయాధికారిణి కథలు చదివి వినిపింపఁగా, తనకుఁ జదువవలె నని యున్నదని మొట్టమొదట నోరు తెఱచి చెప్పినదఁట. పిమ్మట నామెయుఁ బెక్కేండ్లు గ్రంథాలయాధికారిణిగా జీవించుట గమనింపఁదగినది. మఱియొక చిన్నవిషయము. తన పేరు తుదనుండు "వై" అను నక్షరము తోఁక వ్రేలాడవైచుచు గీఁతక్రిందికి దిగుట నచ్చక, చిన్ననాఁడే యామె దానిని వదలివేసినది. మన బడిలో నెవఁడైన నట్లు చేసినచోఁ బంతులు బెత్తము తీయును. ఆమె తల్లియు సమ్మతింపలేదు. అయినను నక్షరము పోయినదే గాని తిరిగి రాలేదు.

ముందుగా గ్రంథనామమును విచారింపవలసియున్నది. జామీ యనునది కారియకూద్వీపమున వాడుకలోనున్న మాట. స్నేహితురాండ్రై, ప్రియురాండ్రై, కలసి పనిచేసికొను స్త్రీలను అచ్చట నీ పేరఁ బిలుతురని గ్రంథకర్త్రియే నిర్వచించినది. ఈ నిర్వచనమునందుఁ బ్రణయము, స్నేహము, పని యను నర్థములు మూఁడును గలవు. మొదటిదానిని గైకొని మూఁడవదానిని విడుచుట పాఠకుల కలవాటైపోయినది. ఇఁక గ్రంథమునకు, "నా పేరునకుఁ గ్రొత్త వర్ణక్రమము" అను నర్థము గల యుపశీర్షికయు, "బయోమిథాగ్రఫీ" యను జాతినామమును గలవు. ఈ రెండవది జీవచరిత్రమును బురాణమును గలిపి యామె ప్రయోగించిన సమాసము. దీనిఁ దెనుఁగున "స్వీయపురాణ" మనవలెనో, "జీవపురాణ" మనవలెనో పండితులు నిర్ణయింతురుగాక. నా చెవికి రెండవది యింపుగానున్నది.

చరిత్రము చరిత్రముగాను బురాణము పురాణముగాను నుండక యీ సాంకర్య మేల యని యడుగువా రుండవచ్చును. మన కీ ప్రశ్న వింతగాఁ దోఁపవలసిన పనిలేదు. నాయకుఁడు తన వృత్తాంతమును దానే చెప్పినచో నాఖ్యాయిక యనియు, నితరులు చెప్పినచోఁ గథ యనియు భామహుఁడు విభజింపఁగా, దండి యా భేదమును నిరాకరించెను. బాణుఁడు హర్షచరితమునఁ దన వంశమును జెప్పుచు, దుర్వాసుని శాపముచే సరస్వతి భూలోకమునకు దిగుటతో నారంభించి, క్రమముగాఁ దన తలిదండ్రుల మరణము, దేశాటనము, యౌవనచాపలము మున్నగు లౌకికవిషయములకు దిగినాఁడు. సరస్వతికథ కల్ల యనియు దేశాటనము నిజ మనియు వేఱుపఱిచి చదువువాఁడు బాణుని జదివినవాఁడు కాఁడు. లార్డుగూడఁ దల్లివంశపు ద్వీపస్త్రీలను, పశ్చిమాఫ్రికాగాథలలోని యఫ్రెకెటే యను మాయలమారి దేవతను దన పుట్టుకకు మూలముగాఁ జెప్పికొనుచు, వారిసరసనే కూలిడబ్బును గదియద్దెను లెక్కవ్రాసినది. అయితే యొక భేదము కలదు. బాణునకుఁ దన వంశము తెలియును, ఇరుగుపొరుగువారికిని దెలియును. ఆతఁడు పురాణము నలంకారముగాఁ జేర్చినాఁడు. బానిసలుగాఁ గొనిపోఁబడినవారి సంతతికి వంశవృక్షము లేదు. ఈమె పురాణమును గూడు చేర్చుకొన్నట్లు చేర్చుకొన్నది.

బాల్యఘట్టములలో వర్ణద్వేషమును వర్ణించిన తీరు ప్రశంసనీయము. ఆ యింట నా విషయ మెవ్వరును నోట ననరు. వీథిలోఁ దెల్లవారు పిల్లపై నుమిసినప్పుడు, గాలిలోని కుమియు నీచజనులని తల్లి గొణిగి, కోటు తుడిచి ముందునకు నడచును. ఆ యుమ్మి గుఱితప్పి పడినది కాదనియుఁ దనకొఱకే వచ్చినదనియుఁ బిల్లకుఁ దెలియుటకుఁ జాలకాలము పట్టినది. 1947వ సంవత్సరపు వేసవిని గుటుంబ మంతయు రాజధాని యగు వాషింగ్టనునగరమును జూడఁబోయిరి. రైలులోని భోజనశాలకుఁ బోవుదమని పిల్ల కోరఁగా, నచ్చట వెల లధికమని తల్లి చెప్పినదే కాని, నల్లవారిని లోనికి రానీయరని చెప్పలేదు. పెద్దక్క యంతకుముందు తన పాఠశాలవారితో నదే నగరమునకు యాత్ర పోఁగోరి సొమ్ము కట్టఁగా, వసతిగృహమున నల్లవారికిఁ జోటులేదని యుపాధ్యాయినులు రహస్యముగా సొమ్ము మరల నిచ్చివేసిరి. ఆ సంగతియు నింట గుసగుసయే. నగరమున నెండవేళ నైస్‌క్రీము తిన నందఱు నొక యంగడిలోఁ గూర్చుండఁగా, పరిచారిక వచ్చి యచ్చటఁ గూర్చుండి తినరాదని తండ్రితో మెల్లగాఁ జెప్పినది. వా రేమియు జరుగనట్లు వరుసగా లేచి బయటికి నడచిరి. దేశాధ్యక్షునకే యుత్తరము వ్రాసెదనని పట్టుపట్టినది కడగొట్టు పిల్ల యొక్కతెయే.

వాచ్యమును విడిచి వ్యంగ్యమును జూపు ధ్వని యిదియే కదా యని మనవారు తొందరపడరాదు. ధ్వనియందు వాచ్యము వ్యంగ్యమునకు ద్వారము. ఇచ్చటనో, వెల లధికమనుమాట నిజమునకు అడ్డముగా వేసిన తలుపు. తలుపు మూసిన తల్లిని గ్రంథకర్త్రి నిందింపదు. మూయక యేమిచేయఁగల దని యడుగుచున్నట్లుండును. కాని మూసిన తలుపువెనుకఁ బెరిగిన పిల్లకు గాయ మున్నది, గాయమునకుఁ బేరు లేదు. ఈ పేరులేమితోనే యామె యింటినుండి వెడలి, యిరువదేండ్లైన నిండకముందే స్టాంఫర్డు చేరినది.

అది కొరియాయుద్ధకాలము. హంటరు ఉన్నతపాఠశాల యనునది న్యూయార్కునఁ బ్రతిభగల బాలికలకై యేర్పడినది. అచ్చటఁ జదివి, పద్యములు వ్రాసి యచ్చు వేయించుకొన్న యువతి యీమె. పని వెదకిపెట్టు చోట, వైద్యునియొద్ద గుమస్తాపనివంటి దేదైనఁ గావలెనని యడిగినది. నల్లవారి కిచ్చట నట్టి యవకాశము లంతగా లేవని చెప్పి, యచ్చటి యుద్యోగిని యామెను గర్మాగారముల దారి పట్టించినది. ఆ స్త్రీ కసరలేదు, తిట్టలేదు, మంచిమాటలే చెప్పినది. వర్ణద్వేష మన్నంతనే కొరడాను, ఉరిత్రాటిని దలంచువారు ఈ యల్పసంభాషణమును రెండుమాఱులు చదువవలెను. మొదటిపని రిబ్బనులు చుట్టు యంత్రముకడ. మూఁడువారములకు దానినుండి తొలఁగించిరి. అంతకుమించి యుంచుకొన్నచో నల్లవారినిఁ గార్మికసంఘమునఁ జేర్చుకొనవలసి వచ్చును గావున, మూఁడువారములకుఁ బంపివేయుట యచ్చటి యలవాటు.

రెండవది స్ఫటికముల కర్మాగారము. బ్రెజిలుదేశమునుండి వచ్చిన స్ఫటికశిలలను గోసి, నూఱి, శుద్ధిచేసి, వాని విద్యుద్గుణము ననుసరించి వర్గములుగా విభజించి, రేడియోలకును రాడారుయంత్రములకును బంపుదురు. కోఁత యొక గదిలో. ఎక్స్‌కిరణయంత్రములతోఁ బరీక్షించుట వేఱొకగదిలో. పైవిచారణ చేయువారు దక్కఁ బనివా రందఱును స్త్రీలే. అందఱును నల్లవారో పోర్టోరికోవారో. ఇచ్చట మూఁడువారములకుఁ దీసివేయరు, కార్మికసంఘమునను జేరవచ్చును. ఈ యుదారత కేమి కారణమని పాఠకుఁ డాలోచించునంతలోనే గ్రంథకర్త్రి యుత్తరమును జెప్పును. స్ఫటికములను గడుగుట కార్బను టెట్రాక్లోరైడులో. అది కాలేయమును జెఱచు ద్రవము. ఎక్స్‌కిరణయంత్రములకుఁ జాలిన కవచములు లేవు. ఈ రెండు సంగతులను బనివారికిఁ జెప్పినవారు లేరు. ఈ ఘట్టమున నామె శైలి విషయమునకుఁ దగినట్లు చదునుగా, జమాఖర్చుపుస్తకమువలె నుండును. ఒక విశేషణమైన నధికముగాఁ బడలేదు. కరుణరసమునకు విభావాదులు పుష్కలముగా నున్నను, రసమును బిండి పోయునట్టి ప్రయత్న మెచ్చటను గానరాదు. మన నవలాకారులలోఁ బేదల పాట్లు వ్రాయఁబూనువారు దీనిని జూచి నేర్చుకొనవలసిన దున్నది.

కూలి ముక్కలెక్కన. నిర్ణీతసంఖ్యకు మించి పరీక్షించినవారి కదనపు సొమ్ము. ఆ సొమ్మునకై యీ యువతి యొక యుపాయము పన్నినది. కొన్ని స్ఫటికములను మేజోళ్లలో దాఁచుకొని, మఱుఁగుదొడ్డికిఁ బోయి, వానిని గట్టిపండ్లతోఁ బటపట కొఱికి, పొడిముక్కలను నీటిలో వదలివేయును. లెక్కలోఁ బరీక్షించినట్లు, చేతిలో నేమియు నుండదు. ఈ ఘట్టమును జదివి కొందఱు నవ్వుదురు. మఱికొంద ఱది దొంగతనము కదా యని సందేహింతురు. దొంగతనమే. ఆమెయుఁ గాదనదు. కాని విమర్శకునకు ముఖ్యము వేఱొకటి. ఈ గ్రంథమునందు మొదటినుండియు నోటిని గూర్చిన ప్రస్తావము లొక వరుసగా సాగుచున్నవి. నాలుగేండ్లవఱకు మెదపని నోరు. గ్రంథాలయమునఁ దెఱచుకొన్న నోరు. తల్లి మూయించిన నోరు. ఐస్‌క్రీము దక్కని నోరు. ఆ నోరే యిచ్చట యుద్ధయంత్రములకుఁ బోవలసిన ఱాళ్లను నమలుచున్నది. ఇది కవయిత్రి బుద్ధిపూర్వకముగాఁ గూర్చినదో, జీవితమే యట్లు కూర్చిపెట్టినదో నిర్ణయింపలేము. జీవపురాణమనుపేరు పెట్టికొన్నవా రా ప్రశ్నకు లోఁబడరు.

ఈ విషపుగదిలోనే యామెకు జింజరు అను సహోద్యోగిని స్నేహము లభించినది. ఆ స్నేహముయొక్క తొలిఫలము ప్రణయము కాదు, చరిత్రజ్ఞానము. దీనిని మొదటితెగ విమర్శకులు గమనింపరు. పట్టణమున నల్లవారి సంఘభవన మొకదానికిఁ గ్రిస్పసు అటక్సు పేరు పెట్టియుండిరి. ఆతఁడెవఁడని యీ చదువుకొన్న యువతి యడుగఁగా, కర్మాగారపు కూలిస్త్రీ యాశ్చర్యపడి చెప్పినది. 1770వ సంవత్సరము మార్చి 5వ తేదీని బోస్టనునగరమున నాంగ్లసైనికుల కాల్పులకుఁ గూలి, యమెరికాస్వాతంత్ర్యపోరాటమునఁ దొలిబలి యైన నల్లవాఁ డాతఁడు. ప్రతిభావంతుల పాఠశాల చెప్పని పాఠమును గూలిస్త్రీ చెప్పినది. పాఠశాలలలోఁ బనిచేయు మనవంటివా రీ పుటను దాఁటిపోవుట కష్టము. తమ పాఠ్యపుస్తకమున నెవరి పేరు లేదో యెఱుఁగని పంతు లెంత చదివిన నేమి?

పిమ్మటఁ బ్రణయము. జింజరు ఈమె నగరమునుండి వచ్చినది గావున సర్వము నెఱిఁగినదని తలంచును. ఈమెయో తన యనుభవశూన్యతను బయటపెట్టలేక పెద్దదానివలె నటించును. హాస్యము శృంగారమునుండి పుట్టునని భరతుఁడు చెప్పియున్నాఁడు. అందుకీ ఘట్టమొక చక్కని లక్ష్యము. సిగ్గు, గర్వము, బెదరు, తుదకు నూరట, యన్నియు క్రమముగా వచ్చును. వర్ణనము స్పష్టమే, కాని నీచము కాదు.

ఇచ్చట మన సంప్రదాయజ్ఞుల యాక్షేపము నెదుర్కొనక తప్పదు. స్త్రీకి స్త్రీయందలి రతి యనుచితము. అనౌచిత్యమే రసభంగమునకుఁ గారణమని యానందవర్ధనుఁడు చెప్పెను. కావున నిది రసాభాసమే యని వా రందురు. నేనును మొదట నట్లే తలంచితిని. సందేహనివృత్తికై సాహిత్యదర్పణమును దెఱచి చూచితిని. విశ్వనాథుఁడు శృంగారాభాసమునకుఁ జెప్పిన పట్టికలో నుపనాయకగతమైన రతి, మునిగురుపత్నీగతము, బహునాయకవిషయము, ఏకపక్షము, ప్రతినాయకగతము, అధమపాత్రగతము, తిర్యగాదిగతము నున్నవి. ఇరువురు స్త్రీల పరస్పరానురాగ మందుఁ బేర్కొనఁబడలేదు. ఏకపక్షముగాని బహునాయకముగాని కాని యీ రతిని ఆ పట్టికలోనికిఁ దేవలె నన్న నొక్క ద్వారమే మిగులును. అది యధమపాత్రమను మాట.

అధము రెవరు? ముక్కకూలికి ఱాళ్లు పరీక్షించు నల్లస్త్రీ యధమపాత్రమే యని యొప్పుకొన్నచో నాక్షేపము నిలుచును. కాని యొప్పుకొనుటతోడనే మనము స్టాంఫర్డునందలి యా యుద్యోగిని ప్రక్కనఁ గూర్చుండవలసి వచ్చును. ఆమెయు నదియే చెప్పినది. వైద్యుని కార్యాలయ మీ పాత్రమునకుఁ దగదనినది. శృంగార మీ పాత్రమునకుఁ దగదని మన మందుము. ఉద్యోగమున నౌచిత్యము, రసమున నౌచిత్యము. రెండింటికిని గొలబద్ద యొకటే. జింజరు స్నేహమునందు నాయిక యా కొలబద్దను బ్రక్కకుఁ ద్రోసినది. వర్ణద్వేషము నీవు పనికిరావని చెప్పిన చోటనే, తనవంటి పనికత్తె యామెను జక్కనిదానినిగాఁ జూచినది. ఈ ప్రణయమునకు స్థాయి రతియే; కాని యా రతి కాత్మగౌరవము ప్రాణము. అందుచేతనే ప్రణయమును విడిచి వర్ణకథను గాని, వర్ణకథను విడిచి ప్రణయమును గాని చదువరాదని మొదట మనవిచేసితిని.

మనకు మన యింటి యనుభవమే యున్నది. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును వీరేశలింగముపంతులుగారు పరుషముగా నిందించిరి. 1910వ సంవత్సరమున బెంగుళూరు నాగరత్నమ్మ దానిని సమగ్రముగాఁ బ్రకటింపించిన పిదప, ప్రభుత్వమువారు నిషేధించిరి. 1947వ సంవత్సరమునఁ గాని యా నిషేధము తొలఁగలేదు. పురుషకవుల ప్రబంధములలో నంతకు మించిన శృంగార ముండఁగా, వానిని నిందింపక దీనినే నిందించుట యేల యని నాగరత్నమ్మ యడిగిన ప్రశ్నకు సరియైన యుత్తరము నేఁటికిని వచ్చినట్లు నేనెఱుఁగను. గ్రంథమును గాక వ్రాసినదాని కులమును, వృత్తిని విమర్శించుట మనకుఁ గ్రొత్త కాదు.

స్టాంఫర్డు పిదపటి కథను సంగ్రహముగాఁ జెప్పుదును. 1954వ సంవత్సరమున నాయిక మెక్సికోదేశమునకుఁ బోయి, వీథులనిండఁ దన వర్ణమునకు దగ్గఱి ముఖములనే చూచి, యెదుటివారు తన్ను జూచుచున్నారని మొదటిసారి గ్రహించును. పిదప మరల న్యూయార్కు, గ్రీనిచ్ విలేజి పేఁట. ఆ దినములలోఁ బ్రభుత్వోద్యోగముల స్థితి యెట్లుండెనో యెఱిఁగినఁ గాని యీ భాగము తెలియదు. 1953వ సంవత్సరము ఏప్రిలునెలలో అధ్యక్షుఁడు ఐసెన్‌హోవరు ప్రకటించిన 10450వ సంఖ్యగల యుత్తరువువలన, స్వలింగప్రణయము గలవారిని గేంద్రప్రభుత్వపు కొలువులనుండి తొలఁగించుటకు మార్గ మేర్పడినది. అభ్యుదయవాదుల కూటములలోఁగూడ నట్టివారు నమ్మఁదగనివారని యనుమానము. కావున నుద్యోగముకడ వర్ణమును దాఁపలేదు, ప్రణయమును దాఁపవలెను, అభ్యుదయవాదులయొద్దను దాఁపవలెను. స్త్రీలు గూడు పానశాలలలోనైన దాఁపరికము లేదనుకొన్న, నచ్చట ద్వారముకడ నిలిచినవాఁడు తెల్లస్నేహితురాండ్రను విడిచి యీమెనే వయస్సునకు రుజువు చూపుమనును. మన మందఱము వెలివేయఁబడినవారమే కదా, మనలో భేద మేమని తెల్లస్నేహితురాం డ్రందురు. ఆ మాట ప్రేమతోఁ బలికినదే. అయినను మూసిన తలుపే. ఇంతకన్నఁ జిత్రము, అచ్చటి నల్లస్త్రీలు కొలఁదిమంది యొకరినొకరు చూచియుఁ జూడనట్లు తొలఁగిపోవుట. తల్లి యింటి మౌన మిచ్చటికిని వెంటవచ్చినదని గ్రంథకర్త్రి చెప్పదు, చదువువాఁడే యెఱుఁగును. ఇది నిజముగా ధ్వని.

దోషములను జెప్పకుండుట విమర్శకధర్మము కాదు. మ్యూరియలు అను తెల్లజాతి యువతితోడి సహవాసకథ మితిమీఱి పెరిగినది. ఎవ రెవరితో విందునకు వచ్చిరో, ఎవ రలిగిరో చెప్పు పుటలలో నాఖ్యాయిక దినచర్యపుస్తకముగా మాఱినది. కడపటఁ బ్రవేశించు నఫ్రెకెటే మానుషియో దేవతయో తెలియనట్లు చిత్రింపఁబడినది. అది యుద్దేశపూర్వకమే, అయినను ఫలములతోఁ గూర్చిన యా శృంగారవర్ణనము, స్ఫటికపుగదిలోని పొదుపైన మాటల కలవాటుపడిన పాఠకునకు నలంకారభారముగాఁ దోఁచును. ఇది నా రుచిదోషమే యని వాదించువా రున్న వాదింపవచ్చును. ప్రబంధములయందు మరగినవారి కదియే యెక్కువ నచ్చునేమో!

కార్బను టెట్రాక్లోరైడును గూర్చిన వాక్యములను మరల నొకసారి చూడవలసియున్నది. 1978వ సంవత్సరమున నామెకు రొమ్ముపుట్టకుఱుపు బయటపడి, శస్త్రచికిత్స జరిగినది. 1980వ సంవత్సరమున నా వ్యాధిని గూర్చియే యొక గ్రంథమును బ్రకటించినది. జామీని ముగించునప్పుడు దేహమున వ్యాధి కలదని యామె యెఱుఁగును. కాని కాలేయమును జెఱచు ద్రవమని తాను వ్రాసిన రెండేండ్లకు, 1984వ సంవత్సరమున, ఆ వ్యాధి తన కాలేయమునకే వ్యాపించినట్లు తేలునని యెఱుఁగదు. 1992వ సంవత్సరము నవంబరు 17వ తేదీని సెయింట్ క్రోయి ద్వీపమున మరణించినది. రొమ్మునుండి వ్యాపించిన వ్యాధికిఁ గర్మాగారము కారణమని నేను జెప్పఁబూనను. అది వైద్యుల విషయము, వారికిని దుస్సాధ్యము. సాహిత్యమున నడుగవలసిన ప్రశ్న వేఱు. ఆ విషము సంగతి తెలిసిన పిదప గతమును వ్రాయుచు, నా దినములను శపింపక, తొలిప్రణయము దొరకిన దినములుగానే యామె యెట్లు నిలుపుకొన్నది? ఒకే పుటపై విషమును వలపును జేర్చి, యొకదానిచే నొకటి మాయకుండ వ్రాసినది. శృంగారమునకుఁ గరుణము విరోధి యని లాక్షణికు లందురు. ఆ విరోధమును బరిహరించు మార్గములనుగూడ వారే చెప్పిరి. ఆ మార్గములలో నిది దేనిలోఁ జేరునో నాకు నిశ్చయముగాఁ దోఁచలేదు, పెద్దలు పరిశీలింపవలెను.

కడపట భూగోళమునకు సంబంధించిన ముచ్చట యొకటి. చిన్ననాఁడు తల్లి నోటఁ గారియకూ పేరు వినివిని, యీమె పాఠశాలలోని పటములలో వెదకి, యెచ్చటను గానక, యది తల్లి కల్పించిన యూరేమో యని సందేహించినది. తల్లి చెప్పినదే నిజమని తేలినది యిరువదియాఱవయేట. అప్పుడు కొలంబియావిశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్రము చదువుచు, శిక్షణలో భాగముగా భూగోళపటసంపుటములను బోల్చి చూచుచుండెను. ఒకదాని యకారాదిసూచిలో నా పేరు గనఁబడినది. పుట త్రిప్పఁగాఁ బటములో ద్వీపమును గలదు.